మీ ఇంటి పిల్లలకి హెవీవెయిట్ బాక్సింగ్ చూపించడం ఎలా

1980 జనవరిలో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ బౌట్ (ప్రదర్శన ఆట) ఆడాడు. మా నాన్న అప్పుడు నెల్లూరులో రైస్ మిల్లు గుమాస్తా. ఒక్కరోజు సెలవు అడుక్కుని, రైలెక్కి వెళ్లి చూసొచ్చాడు. "అంత మనిషి, నడుస్తుంటే అడుగు చప్పుడు లేదమ్మా" అని పోయేదాకా చెప్పేవాడు. మా వీధిలో ఇంగ్లీషు ముక్క రానివాళ్లకి కూడా అలీ, ఫ్రేజియర్, ఫోర్‌మన్ పేర్లు తెలుసు. నాకు తొమ్మిదేళ్లు. ఆ ఇష్టం నాన్న దగ్గరే నాకు అంటుకుంది.

2024 వేసవి సెలవులకి మా అన్నయ్య కొడుకు వచ్చాడు. పదిహేడేళ్లవాడు. "ఇప్పుడు హెవీవెయిట్ చాంపియన్ ఎవర్రా?" అని అడిగాను. "టైసన్ కదా అత్తా" అన్నాడు. మైక్ టైసన్ తన చివరి చాంపియన్ బెల్ట్ పోగొట్టుకున్నది 1996లో. అప్పటికి వీడు పుట్టనే లేదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు మా ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం, వీడితో సహా. కానీ ఆమె గెలిచింది 52, 50 కిలోల విభాగాల్లో. 90 కిలోలు దాటిన మనుషుల ఆట ఒకటుందని, ఒకప్పుడు దాని చాంపియన్ పేరు లోకమంతా తెలిసేదని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ సెలవుల్లో నేను చెప్పాను. తర్వాత మా పక్కింటి పిల్లలిద్దరికీ అదే పద్ధతిలో చూపించాను. ముగ్గురూ ఇప్పుడు వదలకుండా చూస్తున్నారు. మీ ఇంట్లోనూ చేయాలనుకుంటే, నేను చేసినట్టే చెబుతాను.

ముందు మీరు కొంచెం సిద్ధం కావాలి. "అంత గొప్ప ఆటైతే ఇప్పుడెవరూ ఎందుకు చూడట్లేదు?" అని పిల్లలు మొదటిరోజే అడుగుతారు. దాటేయకండి, నిజం చెప్పండి. జో లూయిస్ 1941 ఒక్క ఏడాదిలో 7 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. అలీ 1966లో 5 సార్లు. ఈ కాలం ఇంగ్లండ్ చాంపియన్ టైసన్ ఫ్యూరీ 2023లో రింగ్‌లోకి దిగింది ఒకే ఒక్కసారి. అది కూడా బెల్ట్ కోసం కాదు, అంతవరకు ప్రొఫెషనల్ బాక్సింగే ఆడని ఫ్రాన్సిస్ ఎన్‌గానూతో. ఏడాదికి ఒకసారి కనిపించే మనిషి మీద అభిమానం ఎలా పెరుగుతుంది? 1978లో అలీ, లియాన్ స్పింక్స్ చేతిలో ఓడిన ఆట అమెరికాలో మామూలు టీవీలో ఉచితంగా వచ్చింది. తర్వాత పెద్ద ఆటలన్నీ డబ్బు కట్టి చూసే చానళ్లలోకి, ఆ తర్వాత ఆటకింత అని వసూలు చేసే పే-పర్-వ్యూలోకి వెళ్లిపోయాయి. మధ్యతరగతి ఇంట్లో పిల్లాడు టీవీ తిప్పుతూ అనుకోకుండా బాక్సింగ్ చూసే దారి మూసుకుపోయింది. చివరికి ఆ డబ్బు చానళ్లే తప్పుకున్నాయి. హెచ్‌బీఓ 2018తో, షోటైమ్ 2023తో బాక్సింగ్ ఆపేశాయి.

ఉక్రెయిన్ బాక్సర్లు క్లిచ్కో అన్నదమ్ముల సంగతి కూడా చెప్పాలి. తమ్ముడు వ్లాదిమిర్ 2006 నుంచి 2015 దాకా ఏకబిగిన చాంపియన్. పొడవాటి ఎడమ చేత్తో అవతలివాణ్ణి దూరం పెట్టడం, దగ్గరికొస్తే పట్టుకుని మీద వాలిపోవడం, అదీ అతని ఆట. నేను అతన్ని తక్కువ చేయను, అలా గెలవడం చాలా కష్టమైన విద్య. కానీ అమెరికాలో జనం చూడడం మానేశారు. ఆ రోజుల్లో అతనికి సాటి రాగలవాడు సొంత అన్న విటాలీ ఒక్కడే. ఒకరితో ఒకరు తలపడబోమని ఇద్దరూ అమ్మకి మాటిచ్చారు. తల్లికిచ్చిన మాట నిలబెట్టుకున్నారు. లోకం చూడాలనుకున్న ఆట మాత్రం జరగలేదు.

ఇక చూపించడం. ఇక్కడ నేనొక పొరపాటు చేశాను, మీరు చేయకండి. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన అలీ–ఫ్రేజియర్ ఆట పదిహేను రౌండ్లూ మొదటిరోజే పెట్టేశాను. ఐదో రౌండ్‌కల్లా వాడు ఫోన్ తీశాడు. ఏం చూడాలో తెలియకుండా గంటసేపు కూర్చోబెడితే ఎవరైనా అంతే. నాకౌట్ క్లిప్పులు కూడా వద్దు. పది సెకన్లలో మనిషి పడిపోవడం చూడడానికి అలవాటుపడితే, పడకుండా నిలబడే విద్య కంటికి ఆనదు. మైక్ టైసన్ ఎదుటివాడి చెవి కొరికిన క్లిప్ అసలే వద్దు.

ఒకే ఒక్క రౌండ్‌తో మొదలుపెట్టండి. 1978 జూన్ 9న లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్, కెన్ నార్టన్ ఆడిన ఆటలో 15వ రౌండ్. పెట్టేముందు ఒక్క మాట చెప్పండి: పద్నాలుగు రౌండ్లయ్యాక ముగ్గురు జడ్జీల దగ్గరా ఇద్దరి మార్కులూ సమానం. ఎవరు చాంపియనో ఈ మూడు నిమిషాలే తేల్చాలి. ఒంట్లో ఓపిక లేని ఇద్దరు పెద్ద మనుషులు ఒకరి ఎదుట ఒకరు నిలబడి కొట్టుకుంటూనే ఉంటారు. మావాడు ఊపిరి బిగబట్టి చూశాడు. ఇద్దరు జడ్జీలు 143–142తో హోమ్స్‌కి ఇచ్చారు, మూడో జడ్జి అదే లెక్కతో నార్టన్‌కి. పిల్లలు "మళ్లీ పెట్టు" అంటారు. పెట్టండి.

రెండో వారం కాళ్లు చూడడం నేర్పాలి. చేతులు అందరూ చూస్తారు. ఎడమ చెయ్యి ముందుకు చాచి కొట్టే సూటి దెబ్బని జాబ్ అంటారు. హోమ్స్ జాబ్ అంత గొప్పది మళ్లీ నేను చూడలేదు. ఆ దెబ్బ వెయ్యాలంటే ముందు కాలు ఎక్కడ పడుతోందో చూడమనండి. అది తెలిశాక అలెగ్జాండర్ ఉసిక్ ఆట పెట్టండి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన ఉక్రెయిన్ వాడు. తనకంటే పొడుగు, బరువు ఉన్నవాళ్లతో ఆడతాడు. ఎడమచేతివాటం కాబట్టి కుడికాలు ముందుంటుంది, ఎదుటివాడి ఎడమకాలు ముందుంటుంది. ఎవరి కాలు బయటివైపు పడితే వాళ్ల వెనక చేతికి సూటిగా దారి దొరుకుతుంది. ఒక రౌండ్ మొత్తం స్క్రీన్ పైసగానికి కాగితం అడ్డం పెట్టి కాళ్లొక్కటే చూపించాను. ఉసిక్ అడుగు చూసినప్పుడు నాకు నాన్న మాట గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఒక నోటుపుస్తకం ఇవ్వండి. సౌండ్ తీసేయండి, ఎందుకంటే కామెంటరీ మన కళ్లని మోసం చేస్తుంది. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. కిందపడితే మామూలుగా 8. రౌండ్ అయిపోగానే రాయాలి, ముందు రాసింది దిద్దకూడదు. 2024 మే 18న రియాద్‌లో జరిగిన ఉసిక్–ఫ్యూరీ ఆట దీనికి మంచి పాఠం. మాకు ఆదివారం తెల్లవారుజామైంది. నేను టీ పెట్టుకుని, వాడికి పాలు కలిపి కూర్చున్నాం. జడ్జీల లెక్క: 115–112, 114–113 ఉసిక్‌కి, మూడో జడ్జి 114–113 ఫ్యూరీకి. తొమ్మిదో రౌండ్‌లో ఫ్యూరీ తాళ్ల మధ్య తూలిపోతే రిఫరీ అంకెలు లెక్కపెట్టాడు. ఆ కౌంట్ వల్ల ఫ్యూరీకి పోయిన ఒక్క మార్కు తిరిగి కలిపి కూడమన్నాను. ఒక జడ్జి ఉసిక్‌కి, ఒకరు ఫ్యూరీకి, ఒకరు సమానం. అంటే డ్రా! ఆ కూడిక వాడే చేసి, పుస్తకం నాకు చూపించాడు. ఆ రోజు నుంచి నేను పిలవక్కర్లేకపోయింది.

బెల్టుల గొడవ ఆఖరికి ఉంచండి. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలు, నాలుగు బెల్టులు. ముందే చెబితే పిల్లలకి విసుగొస్తుంది. ఫ్యూరీని ఓడించిన ఆ రాత్రితో నాలుగూ ఉసిక్ చేతికి వచ్చాయి. హెవీవెయిట్‌లో తిరుగులేని చాంపియన్ రావడం లెనాక్స్ లూయిస్ తర్వాత అదే మొదలు, మధ్యలో దాదాపు పాతికేళ్లు. నెల దాటగానే ఉసిక్ ఐబీఎఫ్ బెల్ట్ వదులుకోవాల్సి వచ్చింది, దాన్ని ఇంగ్లండ్ బాక్సర్ డేనియల్ డుబోయ్‌కి ఇచ్చారు. ఏడాది తర్వాత, 2025 జూలై 19న వెంబ్లీలో, ఉసిక్ డుబోయ్‌ని ఐదో రౌండ్‌లో పడగొట్టి మళ్లీ తెచ్చుకున్నాడు. పిల్లలకి నేనిచ్చే సలహా ఒకటే: బెల్ట్ పేరు అడగొద్దు, ఎవరు ఎవర్ని ఓడించారో రాసుకోండి. వ్లాదిమిర్‌ని ఫ్యూరీ, ఫ్యూరీని ఉసిక్. ఈ వరుస చాలు.

టైం కూడా గుర్తుపెట్టుకోండి. అమెరికాలో శనివారం రాత్రి ఆట మనకి ఆదివారం ఉదయం, టిఫిన్ వేళకి. ఇంగ్లండ్‌లోదైతే అర్ధరాత్రి రెండు మూడింటికి. పిల్లలకి సోమవారం పరీక్ష ఉంటే లేపకండి, పొద్దున ఫలితం చెప్పకుండా దాచి చూపించండి. ఒక్కరే ఫోన్‌లో చూసే పద్ధతి మాత్రం వద్దు. నలుగురు కూర్చుని, రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య నిమిషంలో వాదించుకుంటేనే ఈ ఆట మనసుకి పడుతుంది.

ఇంకొకటి దాచకూడదు. ఇది తల మీద దెబ్బలు తినే ఆట. మా నాన్న మద్రాసులో అలీని చూసిన ఆ ఏడాదే, అక్టోబర్ 2న, 38 ఏళ్ల అలీ రింగ్‌లో పది రౌండ్లు దెబ్బలు తింటూ నిలబడ్డాడు. అలీ ట్రైనర్ ఏంజెలో డండీ ఆట ఆపించాడు. కొట్టింది ఎవరో కాదు, మీరు మొదటిరోజు చూపించిన లారీ హోమ్స్. ఒకప్పుడు అలీకి ప్రాక్టీసులో తోడు ఆడినవాడు. గెలిచి కూడా ఆ రాత్రి ఏడ్చాడు. తర్వాత అలీ చేతుల వణుకు లోకమంతా చూసింది. 2013లో రష్యా హెవీవెయిట్ మాగోమెద్ అబ్దుసలామోవ్ న్యూయార్క్‌లో ఒక్క ఆటతో మెదడు దెబ్బతిని మంచాన పడ్డాడు. ఇవన్నీ నేను మావాడికి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. సరదాకైనా ఒకరి తల మీద ఒకరు కొట్టుకోకూడదని ముగ్గురు పిల్లల దగ్గరా మాట తీసుకున్నాను. మీరూ తీసుకోండి.

రెండు మూడు నెలలు గడిచాక హోమ్స్–నార్టన్ 15వ రౌండ్ మళ్లీ పెట్టండి. సౌండ్ లేకుండా, నోటుపుస్తకంతో. ఈసారి మీరు ఏమీ చెప్పకండి, వాళ్లు చెప్పేది వినండి. మావాడు నిమిషం గడవకముందే ఆపమన్నాడు. "అత్తా, వెనక్కి తిప్పు. నార్టన్ కాలు చూడు, అలిసిపోయి కదలట్లేదు" అన్నాడు. వెనక్కి తిప్పాను. అన్నేళ్లుగా ఆ రౌండ్ చూస్తున్నా, నేను ఆ కాలు చూడలేదు.