ఆఫీసు కంప్యూటర్ మనమే చూసుకుందాం – 4వ భాగం: పాస్‌వర్డ్ కరెక్టే, లాగిన్ మాత్రం కాదు

పోయిన భాగంలో కేబుల్, స్విచ్ లైట్లు, 169.254తో మొదలయ్యే అడ్రస్ (నెట్‌వర్క్ నుంచి అడ్రస్ అందనప్పుడు మెషీన్ తనే పెట్టుకునేది) దాకా వచ్చాం కాబట్టి వైరు సంగతి తేలిపోయింది. ఈసారి లాగిన్. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు ఆఫీసుల్లో ఎక్కువ వినపడే మాట ఇది: "పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నాను బాబూ, తప్పంటోంది." చాలాసార్లు ఆ మనిషి చెప్పేది నిజమే. అందుకని అదే పాస్‌వర్డ్‌ని మళ్లీ మళ్లీ కొట్టడం ముందు మానేయండి. డొమైన్‌లో, అంటే అందరి లాగిన్‌లూ ఒకే సర్వర్ చూసుకునే ఏర్పాటులో, ఉన్న మెషీన్ అయితే తప్పులు అడ్మిన్ పెట్టిన లెక్క దాటగానే అకౌంట్ లాక్ అవుతుంది. ఇక పైఆఫీసులో ఎవరో ఫోనెత్తి దాన్ని విడిపించేదాకా బడబాబు (హెడ్ క్లర్క్) మీ సీటు చుట్టూ తిరుగుతూనే ఉంటారు.

కీబోర్డు మీంచి చేతులు తీసి స్క్రీన్ చూడండి. కుడివైపు కింద మూల భాష గుర్తు ఉంటుంది, అది ఈఎన్‌జీ, అంటే ఇంగ్లిష్, అని ఉందా? మన వైపు ఇది మామూలు తలనొప్పి. ఒకే మెషీన్ మీద పొద్దున ఒడియాలో ఫైలు కొడతారు, మధ్యాహ్నం శ్రీకాకుళం నుంచి వచ్చిన పార్టీకి తెలుగులో ఉత్తరం రాస్తారు. సాయంత్రం ఒడియా లేఅవుట్‌లోనే ఆపేసి వెళ్తే మర్నాడు మీరు ఇంగ్లిష్ అనుకుని కొట్టే ప్రతి అక్షరమూ ఒడియాలో పడుతుంది. పైకి కనిపించేవి చుక్కలేగా, తేడా ఎలా తెలుస్తుంది? విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కి మార్చండి. క్యాప్స్ లాక్ అందరూ చూస్తారు గానీ నమ్ లాక్ ఎవరూ చూడరు. పాస్‌వర్డ్‌లో అంకెలుండి, వాటిని కుడివైపు ప్యాడ్ మీద కొట్టే అలవాటు ఉంటే అదీ చూడాలి. అనుమానం తీరాలంటే అదర్ యూజర్ నొక్కి, పేరు రాసే గడిలో కొట్టి చూడండి, పడేది కళ్లకు కనపడుతుంది. పక్కన ఎవరూ లేనప్పుడు సుమా, తర్వాత చెరిపేయండి.

ఇక అసలు విషయం, గడియారం. డొమైన్ లాగిన్ వెనక కెర్బరోస్ అనే పద్ధతి నడుస్తుంది. సర్వర్ ఇచ్చే ప్రతి టికెట్ (లోపలికి రానిచ్చే చీటీ లాంటిది) మీదా టైమ్ ఉంటుంది, మీ మెషీన్ టైమ్‌కీ సర్వర్ టైమ్‌కీ తేడా 5 నిమిషాలు దాటకూడదన్నది మామూలుగా ఉండే సెట్టింగ్. తేడా ఎక్కువైతే పాస్‌వర్డ్ ఎంత కరెక్టయినా పని జరగదు, ఒక్కోసారి లాగిన్ అయినా షేర్డ్ ఫోల్డర్ దగ్గర పేచీ పెడుతుంది. లాగిన్ కంటే ముందు లాక్ స్క్రీన్ మీద తేదీ, టైమ్ అంత పెద్ద అక్షరాల్లో ఉంటాయి, వాటిని ఎవ్వరూ చదవరు, అదేంటో మరి.

గాలివాన కాలంలో రాత్రంతా కరెంటు పోయి, లేదా శనివారం మెయిన్ ఆపేసి వెళ్లి సోమవారం వచ్చాక ఈ గొడవ మొదలైతే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయిందన్నమాటే. దాని పేరు సీఆర్2032, 3 వోల్టులు, వాచీల కొట్లో కూడా దొరుకుతుంది. అది చచ్చిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ మెషీన్ ఏదో పాత సంవత్సరంలోకి వెళ్లిపోతుంది. బ్రౌజర్‌లో అన్ని సైట్లూ ఒకేసారి సురక్షితం కాదు అని చూపిస్తుంటే అదీ దీని పనే. మార్చే ముందు డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగుల్లోకి, వెళ్లి, ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా హార్డ్‌డిస్క్ మోడ్ (మెషీన్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఐడీఈనా, ఏహెచ్‌సీఐనా అన్నది. బ్యాటరీ తీస్తే సెట్టింగులు మొదటికి రావచ్చు, మోడ్ మారితే విండోస్ బూట్ కాకుండా నీలం తెర చూపిస్తుంది, అప్పుడు పడే టెన్షన్ వేరు. పవర్ వైరు పీకేయండి, పక్కనున్న క్లిప్పుని గోటితో నొక్కితే బ్యాటరీ పైకి లేస్తుంది, కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. తర్వాత టైమ్‌ని బయాస్‌లోనే సరిచేయండి. విండోస్‌లో అయితే మామూలు యూజర్‌ని టైమ్ మార్చనివ్వదు.

గోడ గడియారంతో టైమ్ సరిపోయినా లాగిన్ కాకపోతే టైమ్ జోన్ చూడాలి. విండోస్ కొత్తగా వేసినవాళ్లు జోన్‌ని అమెరికా పసిఫిక్‌లోనే వదిలేసి ముల్లు మాత్రం మన టైమ్‌కి తిప్పేస్తారు. పైకి అంతా బాగుంటుంది, లోపల లెక్క వేసే యూటీసీ, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకున్న టైమ్, మాత్రం పన్నెండు గంటల పైచిలుకు తప్పు. మనది యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు ముందు. జోన్ సరిచేశాక టైమ్ మళ్లీ చూసుకోండి, ఎందుకంటే జోన్ మారగానే ముల్లు కూడా జరుగుతుంది.

అర్జంటుగా లోపలికి వెళ్లాల్సి ఉంటే ఒక కిటుకు: నెట్‌వర్క్ కేబుల్ పీకేసి లాగిన్ చేయండి. మీరు ఆ మెషీన్ మీద ఇంతకు ముందు లాగిన్ అయి ఉంటే, అడ్మిన్ ఆ వెసులుబాటు తీసేయకపోతే, పాత గుర్తుతోనే లోపలికి రానిస్తుంది. కేబుల్ తీస్తే అయి, పెడితే కావట్లేదంటే గొడవ మీకూ సర్వర్‌కీ మధ్య ఉందని తేలినట్టే. ట్రస్ట్ రిలేషన్‌షిప్ అని మెసేజ్ వస్తే మాత్రం అడ్మిన్‌ని పిలవండి. మెషీన్‌కి కూడా సర్వర్ దగ్గర ఒక పాస్‌వర్డ్ ఉంటుంది, మామూలుగా 30 రోజులకోసారి తనే మార్చుకుంటుంది, పాత బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసినప్పుడు అది సర్వర్‌తో కలవదు.

లాగిన్ అయ్యాక చాలామంది హమ్మయ్య అని పనిలో పడిపోతారు. ఆగండి. బియ్యం మిల్లుల్లో, బట్టల కొట్లలో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాయించుకున్న లెక్కల ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయి, అవి తేదీని చాలావరకు సిస్టమ్ నుంచే తీసుకుంటాయి. పొద్దున తప్పు తేదీతో కొట్టిన ఓచర్లు ఏ పాత సంవత్సరంలోనో పడి, ఈ ఏడాది రిపోర్టులో కనపడవు. డేటా పోయిందని ఏడ్చే ముందు ఆ పాత తేదీ ఇచ్చి రిపోర్టు తీయండి, అక్కడే ఉంటాయి. ముందు ఫోల్డర్ మొత్తం, ఒక్క డీబీఎఫ్ (డేటా ఉండే) ఫైళ్లే కాదు, ఇండెక్స్, మెమో ఫైళ్లతో సహా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, తర్వాతే ఓచర్ల తేదీలు మార్చండి.

ఆ డేటా పాత విండోస్ ఎక్స్‌పీ మెషీన్‌లో ఉండి, కొత్త విండోస్ నుంచి దాని షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోకపోతే అది పాస్‌వర్డ్ తప్పు కాకపోవచ్చు. ఎక్స్‌పీ మాట్లాడేది ఎస్ఎంబీ1, అంటే ఫోల్డర్లు పంచుకునే పాత పద్ధతి. 2017 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి, కొత్తగా వేసిన చోట దాన్ని మామూలుగా పెట్టడం మానేశారు. అదే ఏడాది మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై పాకింది దాని లోపంలోంచే. దాన్ని ఆన్ చేస్తే పనవుతుందని చెప్పేవాళ్లు దొరుకుతారు, నేనైతే చేయను. డేటాని కొత్త మెషీన్‌లోకి తెచ్చుకోవడమే మంచిది. 64 బిట్ విండోస్‌లో డాస్ ఫాక్స్‌ప్రో నేరుగా నడవదు కాబట్టి పాత డాస్ ప్రోగ్రాముల్ని నడిపించే డాస్‌బాక్స్ కావాలి, అది వచ్చే భాగంలో, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌తో కలిపి.

ఈలోపు మీ ఆఫీసులో ప్రతి మెషీన్‌నీ ఒక సాయంత్రం ప్లగ్గు నుంచి పూర్తిగా తీసేసి, పొద్దున ఆన్ చేయగానే తేదీ రాసుకోండి. తప్పు చూపించిన మెషీన్ల మీద సీఆర్2032 అని చీటీ అంటించండి.