పెరటి తోట పాఠాలు – 5: గుమ్మడికి పూత సరే, పిందె ఏది?

పోయిన పాఠంలో పాదులు తీసి, గింజలు పెట్టి, మొలకల్లో బలమైన రెండేసి ఉంచి మిగతావి పీకేశాం. జూన్ చివర్లో పెట్టినవాళ్ల తీగలు ఈపాటికి కంచె దాకా పాకి ఉంటాయి. పూత కూడా మొదలై ఉంటుంది. దాంతోపాటే బెంగ కూడా. "రోజూ పది పూలు పూస్తున్నాయండీ, మధ్యాహ్నానికి వాడి రాలిపోతున్నాయి, పిందె మాత్రం ఒక్కటీ లేదు!"

కంగారు పడకండి. గుమ్మడిలో మగపూలు వేరు, ఆడపూలు వేరు. రెండూ ఒకే తీగకు పూస్తాయి గానీ ముందు వచ్చేవి మగపూలే. వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే అవొక్కటే పూసి రాలిపోతుంటాయి. అది రోగం కాదు, మందు కొట్టక్కర్లేదు.

రేపు పొద్దున్నే తీగ దగ్గర గొంతుక్కూర్చోండి. నిలబడి చూస్తే ఏమీ కనపడదు, ఆకులు గొడుగులు పట్టినట్టు కప్పేస్తాయి. మగపువ్వుది సన్నటి పొడుగాటి కాడ, నిటారుగా లేచి ఉంటుంది. ఆడపువ్వుది పొట్టి కాడ, తీగను అంటిపెట్టుకుని ఉంటుంది. రేకుల కింద గోళీ కంటే కొంచెం పెద్ద బుల్లి గుమ్మడికాయ అప్పటికే తయారుగా కనిపిస్తుంది. ఇక లోపలికి చూడండి. మగపువ్వు మధ్యలో పసుపు అద్దిన వత్తి లాంటిది ఒకటే ఉంటుంది, ముట్టుకుంటే వేలికి పొడి అంటుతుంది. ఆడపువ్వులో మూడు చీలికలుగా ఉబ్బిన ముద్ద, కాస్త జిగురుగా ఉంటుంది. ఒక్కసారి చూశాక ఇక జన్మలో మర్చిపోరు.

మగపువ్వులోని ఆ పొడే పుప్పొడి, అది ఆడపువ్వుకు అందితేనే పిందె నిలుస్తుంది. గుమ్మడి పుప్పొడి బరువు, పైగా జిగురు. గాలికి ఎగిరిపోయేది కాదు, తేనెటీగ మోసుకెళ్లాల్సిందే. వాన పడే పొద్దుల్లో తేనెటీగలు రావు. కొన్ని ఊళ్లలో అసలే తక్కువ. పుప్పొడి అందని పిందె రెండు మూడు రోజులకు కొసనుంచి పసుపెక్కి, మెత్తబడి రాలిపోతుంది. అందుకే ఈ పాఠంలో ఆ పని మన చేత్తో చేయడం నేర్చుకుందాం.

ముందురోజు సాయంత్రమే ఒక చుట్టు చుట్టి రండి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ కొస ఆకుపచ్చ పోయి పసుపురంగుకు తిరిగి ఉంటుంది. అలాంటి ఆడమొగ్గ పక్కన గుర్తుగా ఒక పుల్ల గుచ్చండి. తెల్లారి ఆరు నుంచి ఎనిమిది లోపు పని అయిపోవాలి. పదింటికల్లా పూలు ముడుచుకుంటాయి, ఆ తర్వాత పుప్పొడి ఎంత రాసినా దండగే. అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కాడతో సహా తెంపి రేకులన్నీ చింపేయండి. చేతిలో మిగిలిన ఆ పసుపు వత్తిని ఆడపువ్వు మూడు చీలికల మీదా, పసిపిల్ల బుగ్గకు పౌడరు అద్దినంత మెల్లగా, చుట్టూ తిప్పి రాయండి. ఒక ఆడపువ్వుకు ఒక మగపువ్వు చాలు. మబ్బు పట్టి ఉంటే రేకుల్ని మూసి దారంతో వదులుగా కట్టేయండి, లోపలికి నీళ్లు పోవు. నిలిచిన పిందె నాలుగైదు రోజులకే నిమ్మకాయను దాటిపోతుంది. అప్పుడు దాని కింద ఎండుగడ్డి గానీ పాత పెంకు గానీ పెట్టండి, లేకపోతే తడినేల మీద కుళ్లుతుంది.

నా మొదటి ఏడాది సంగతి చెప్పాలి. అయిదు సెంట్ల పెరట్లో నాలుగు గుమ్మడి పాదులు పెట్టి, ఆశ కొద్దీ వారం వారం యూరియా వేశాను. ఆకులు చేటలంతయ్యాయి, తీగలు పాకి బెండ సాళ్లను మింగేశాయి, కాయ మాత్రం ఒక్కటంటే ఒక్కటి. అది చాలనట్టు పక్క మడిలో వంకాయకు పురుగు పట్టిందని పొద్దున్నే మందు కొట్టేవాణ్ణి, సరిగ్గా గుమ్మడి పూల మీద తేనెటీగలు వాలే వేళకి! కాబట్టి పూత మొదలయ్యాక యూరియా ఆపండి, పశువుల ఎరువు, కాస్త వేపపిండి చాలు. ఏ మొక్కకైనా సరే, తప్పనిసరైతేనే మందు, అదీ సాయంత్రం పూటే. ఆకుల మీద బూడిద తెగులు కనపడిందని గంధకం మాత్రం చల్లకండి. ఈ జాతి తీగలకు అది పడదు, ఆకులు మాడిపోతాయి.

ఆడపూలు పెరగడానికి మొక్క రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడే లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ (వెలిగారం) కలిపి చల్లుతారు. ఇప్పుడు చల్లి లాభం లేదు, వచ్చే పంటకు రాసిపెట్టుకోండి.

ఎప్పుడూ వచ్చే అనుమానం ఒకటుంది. పక్కనే బూడిద గుమ్మడి పాదుంటే తీపి గుమ్మడి చప్పబడిపోతుందా? లేదు. రెండూ పేరుకే చుట్టాలు, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పనికిరాదు. తీపి గుమ్మడిలోనే రెండు రకాలు పెట్టి ఉంటే కలుస్తాయి, అయినా ఈ ఏటి కాయ రుచి మారదు. తేడా వచ్చేది గింజలో. విత్తనం దాచుకునేవాళ్లు మాత్రం ముందురోజు సాయంత్రమే ఆడమొగ్గనూ మగమొగ్గనూ దారంతో కట్టి, పొద్దున విప్పి రాసి, మళ్లీ కట్టేయాలి.

మిగిలిన మగపూలు శనగపిండిలో ముంచి బజ్జీలేయండి, కరకరలాడతాయి. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదకి పూలు కావాలంటే అక్టోబరులో ఇంకో పాదు పెట్టండి. పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి, పొడుగు కాడ పువ్వే కోయాలని. మా మేనకోడలు ఒక సంక్రాంతికి ముచ్చటగా ఉన్నాయని పిందెలున్న పూలే ఏరి కోసుకొచ్చింది. ఆ ఏడు దప్పళంలోకి గుమ్మడిముక్క బజార్లో కొన్నాం.

ఈ వారం పని: ఏడు రోజులు, పొద్దున ఆరింటికి, ఎన్ని మగపూలు, ఎన్ని ఆడపూలు విచ్చాయో లెక్క రాయండి. చేత్తో పుప్పొడి రాసిన ప్రతి ఆడపువ్వు కాడకూ ఒక రంగు దారం ముడి వేయండి. తీగకు మూడు నాలుగు పిందెలు నిలిచాక కొస తుంచేయండి. ఆకుల మీద ఎర్రటి పెంకు పురుగులు కనపడితే మంచు ఆరకముందే చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయండి. వాటి సంగతీ, కాయను పుచ్చగొట్టే పండు ఈగ సంగతీ ఆరో పాఠంలో.