సప్ నేర్చుకుందాం 4వ పాఠం: మొదటి రేస్ బోర్డు ఎట్లా ఎంచుకోవాల

సప్ అంటే బోర్డు మీద నిలబడి తెడ్డు వేసుకుంటా నీళ్ల మీద పోయే ఆట. పోయిన పాఠంలో తెడ్డు పట్టుకునేది, మోకాళ్లు కొంచెం వంచి నిలబడేది చూసినాం కదా, ఇప్పుడు బోర్డు సంగతి. అందరూ అడిగేది ఒకటే, "అన్నా, ఏది స్పీడుగా పోతుంది?" అని. నేనేమో తిరిగి అడుగుతా, పక్క నుంచి అల తగిలినప్పుడు కాళ్ల గురించి ఆలోచించకుండా దేని మీద నిలబడగలవు అని.

రేసుల్లో ఎక్కువగా కనబడే సైజులు రెండు, 12 అడుగుల 6 ఇంచీలు, 14 అడుగులు. పొడుగు పెరిగితే స్పీడు పెరుగుతుంది నిజమే, కానీ నిలకడ జాస్తిగా వెడల్పులో ఉంటుంది. మా చిత్తూరు తమ్ముడొకడు, 75 కిలోలుంటాడు, కోవళంలో సీదా 24 ఇంచీల వెడల్పు బోర్డు ఎక్కినాడు, తెడ్డు వేసే బలమంతా పడిపోకుండా ఉండేదానికే అయిపోయింది పాపం, అదే రోజు 28 ఇంచీలది ఇస్తే ఆగకుండా చాలా దూరం పోయి వచ్చినాడు. అందుకే మొదటి రేస్ బోర్డుకి 27 నుంచి 30 ఇంచీల మధ్య చూడండి, 21, 22 ఇంచీలవి బాగా ఆరితేరినోళ్లవి.

వెడల్పు నంబర్ ఒక్కటే చూసి మోసపోవద్దు. ఆ వెడల్పు తోక దాకా వస్తా ఉందా, మధ్యలోనే ఉండి వెనక సన్నబడిపోతా ఉందా చూడాల. తోక చదరంగా, వెడల్పుగా ఉంటే వెనక్కి అడుగేసి బోయ్ (రేసులో మలుపు చూపించేదానికి నీళ్ల మీద తేలే గుర్తు) చుట్టూ తిరిగేటప్పుడు కాళ్ల కింద నేల ఉన్నట్టు ఉంటుంది. ఇంకోటి, నిలకడ రెండు రకాలు: నిలబడగానే కదలకుండా ఉండేది ఒకటి, పక్కకి ఒరిగినాక ఒకచోట ఆగి మళ్లీ నిలబెట్టేది ఇంకోటి. సముద్రంలో ఈ రెండోదే మనల్ని కాపాడేది.

నిలబడే చోటు గుంతగా ఉండే బోర్డుల్ని డగౌట్ అంటారు. నీటికి దగ్గరగా నిలబడతాం కాబట్టి ఊగులాట తగ్గుతుంది, కానీ అడుగులు మార్చేదానికి చోటు తక్కువ, లోపలికొచ్చిన నీళ్లు బయటికి పోయే రంధ్రాలు ఉండాల. అన్నిటికీ ఒకటే బోర్డు కావాలంటే డెక్, అంటే మనం నిలబడే పైభాగం, చదునుగా ఉండేదే నయం అని నా అభిప్రాయం.

గాలి కొట్టేదా, గట్టిదా? 14 అడుగులంటే దగ్గర దగ్గర 4.27 మీటర్లు, స్విఫ్ట్ కారు కన్నా పొడుగు, ఇంట్లో ఎక్కడ పెడతారో ముందు చూసుకోండి. గాలిది అయితే బ్యాగులో పెట్టుకుని బస్సులో చెన్నై పోవచ్చు, పంపు మీటర్లో 15 పిఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) దాకా కొట్టాల, తక్కువైతే మధ్యలో కుంగుతుంది. మన ఎండల్లో మాత్రం గట్టిగా కొట్టి ఒడ్డున వదిలేయొద్దు, లోపల గాలి వేడెక్కి ప్రెషర్ పెరిగి అతుకులు ఊడిపోతాయి, నీడలో పెట్టి కొంచెం గాలి తీసేయండి.

ఇంక బోర్డు ఎక్కడ దించాల అంటే, తిరుపతి దగ్గర మన కళ్యాణి డ్యామ్ తాగునీళ్లది, అందులో దించే ఆలోచన వద్దు. పులికాట్ పక్షుల అభయారణ్యం, పర్మిషన్ లేకుండా దిగొద్దు.

కొనేముందు అద్దెకి తీసుకుని ఇది చేసి చూడండి: ఒకే పక్క పది తెడ్లు వేయండి, తల తిప్పి వెనక్కి చూడండి, ఒక అడుగు వెనక్కేసి బోర్డు తిప్పండి. మూడింట్లో రెండిట్లో నీళ్లలో పడితే ఇంకో రెండు ఇంచీలు వెడల్పుది అడగండి. వచ్చే పాఠంలో ఫిన్, అంటే బోర్డు కింద ఉండే రెక్క సంగతి.