పాత ఫొటోని చదవడం ఎలా?

పాత ఫొటో చేతికి రాగానే ముందు వెనక్కి తిప్పండి. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, ఆల్బమ్‌లోంచి పీకినప్పుడు అంటుకుపోయిన నల్ల కాగితం ముక్క, అన్నీ ఆధారాలే. స్కాన్ చేసేటప్పుడు చాలామంది వదిలేసేది ఈ వెనక వైపే.

తర్వాత తేదీ. ఎవరో రాసిన సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మొద్దు, నలభై ఏళ్ల తర్వాత గుర్తున్నంత మేరకు రాసిందై ఉండొచ్చు. బోర్డులు, బళ్లు, కరెంటు స్తంభాలు జూమ్ చేసి చూసి, "ఇంతకంటే ముందుది కాదు" అని ఒక హద్దు గీసుకోండి.

ఫొటో అబద్ధం చెప్పదంటారు గానీ, భేషుగ్గా చెబుతుంది. 1838లో ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన డాగేర్ పారిస్ వీధిని తీస్తే, ఎక్స్‌పోజర్ (కెమెరా వెలుతురుని పట్టే సమయం) నిమిషాల తరబడి సాగడంతో కదిలే జనమంతా మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. 1855లో క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ రోజర్ ఫెంటన్ ఒకే లోయని రెండుసార్లు తీశాడు: ఒకదాంట్లో ఫిరంగి గుండ్లు దారి మీదున్నాయి, ఇంకోదాంట్లో దారి ఖాళీ. ఒక్కటే చూస్తే ఏది అసలు దృశ్యమో తెలీదు. అందుకే ఒక్క ఫొటోతో కథ అల్లకుండా, దాని ముందూ వెనకా తీసినవి, ఆనాటి పత్రికలు పక్కన పెట్టుకోండి.

రాసేటప్పుడు తెలిసింది వేరు, ఊహించింది వేరు అని కనబడాలి. ఫొటో కింద "బహుశా" అని రాయడానికి మొహమాటం ఎందుకు?