సిరిమానోత్సవం ఫొటోలు ప్రింటు తీసే ముందు జాగ్రత్తలు

దసరా తరువాతి మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఫొటోల్లోని పసుపు, కుంకుమ రంగులు తెరపై ఉన్నట్టే కాగితం మీదికి రావాలంటే, ప్రింటు ఇచ్చే ముందే కొన్ని విషయాలు సరిచూసుకోవాలి.

మానిటర్‌ను కాలిబ్రేటర్‌తో (తెర రంగులను కొలిచి సరిచేసే పరికరంతో) 6500 కెల్విన్‌కు, అంటే పగటి వెలుగులాంటి తెలుపుకు సరిచేసి, వెలుగు తగ్గించుకోండి. తెర మరీ వెలుగుగా ఉంటే ప్రింటు నల్లబడినట్టు కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, రంగుల నిర్వహణ ఒక్కచోటే జరగడం. ఫొటోషాప్ ప్రింటు విండోలో ‘ఫొటోషాప్ మేనేజెస్ కలర్స్’ ఎంచుకుని, మీ ప్రింటరుకూ కాగితానికీ సరిపడే ఐసీసీ ప్రొఫైల్ (ఆ కాగితంపై రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) పెట్టినప్పుడు, ప్రింటర్ డ్రైవర్‌లోని (ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేర్‌లోని) కలర్ మేనేజ్‌మెంట్‌ను తప్పక ఆపేయాలి. లేకుంటే దిద్దుబాటు రెండుసార్లు పడి, ముఖాలకు అసహజమైన ఎర్రని ఛాయ వస్తుంది. డ్రైవర్‌లో కాగితం గ్లాసీయో మ్యాటో కూడా సరిగ్గా ఎంచుకోవాలి, ఎందుకంటే ఎంత సిరా పడాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

సాఫ్ట్ ప్రూఫ్‌లో, అంటే ప్రింటు ఎలా వస్తుందో తెరపైనే చూపే నమూనాలో, చిక్కని కుంకుమ ఎరుపు ఎక్కడ వెలిసిపోతోందో గమనించండి. కాగితం అందుకోలేని రంగును ఎంత పెంచినా రాదు కనుక, అక్కడ శాచురేషన్ (రంగు గాఢత) కొద్దిగా తగ్గించి చీర మడతల వివరాలను కాపాడుకోవడమే మేలని నా అభిప్రాయం.

నాజిల్ చెక్‌లో (ప్రింటరు సిరా రంధ్రాలను పరీక్షించే ప్రింటులో) గీతలు తెగితే ప్రింట్ హెడ్ శుభ్రం చేయండి. చిన్న ముక్క మీద నమూనా తీసి, సిరా బాగా ఆరిన తరువాత, ట్యూబ్‌లైటు కింద కాక పగటి వెలుగులో పరిశీలించండి.