ఆడ సూపర్‌హీరోల కామిక్స్ చదవడం – 3వ పాఠం: పేజీ అడుగున సన్న వరుస

బొమ్మల గడులు ఏ వరుసలో చదవాలో, మాటల బుడగలు ఏ వరుసలో చదవాలో మొదటి రెండు పాఠాల్లో చూశాం. ఈసారి ఒక సిరీస్‌నే పట్టుకుందాం: రయాన్ నార్త్ రాసిన ‘ది అన్‌బీటబుల్ స్క్విరెల్ గర్ల్’. 31వ సంచిక దాకా బొమ్మలు ఎరికా హెండర్సన్‌వి, ఆ తర్వాత డెరెక్ చార్మ్‌వి. కథానాయిక డొరీన్ గ్రీన్ కంప్యూటర్ సైన్స్ చదివే అమ్మాయి. ఉడుత తోకను ప్యాంటులో దాచుకుని కాలేజీకి వెళ్తుంది. బెంగళూరులో కోడు రాసుకుని బతికే మనవాళ్ళకు ఇంతకంటే దగ్గరి సూపర్‌హీరో దొరకదు. ఒంటిచేతి వేళ్ళతో 31 దాకా లెక్కపెట్టే బైనరీ పద్ధతి కూడా కథలోనే నేర్పిస్తుంది.

కొనేటప్పుడే ఒక తిరకాసు ఉంది. 2015 జనవరిలో 1వ సంచిక వచ్చింది. 8 సంచికలయ్యాక, అదే ఏడాది అక్టోబరులో మళ్ళీ 1 నుంచి మొదలుపెట్టారు. అది 2019లో 50తో ముగిసింది. ‘ఈ ఏడాది ఇది మా రెండో 1వ నంబరు మాత్రమే’ అని ఆ అక్టోబరు సంచిక అట్ట మీద వాళ్ళే జోకేసుకున్నారు. బెంగళూరు చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల షాపుల్లో విడి సంచికలు దొరికితే ఆ మాట ఉందేమో చూడండి. ఉంటే అది తొమ్మిదో భాగమన్నమాట. ఈ గొడవంతా ఎందుకనుకుంటే మొదటి సంపుటి కొనండి. 1 నుంచి 4 దాకా సంచికలతో పాటు 1991 నాటి డొరీన్ తొలి కథ కూడా అందులో ఉంది. విల్ ముర్రే రాసిన ఆ కథకు స్టీవ్ డిట్కో బొమ్మలు వేశాడు. డాక్టర్ డూమ్ అంతటి పెద్ద విలన్‌ని ఉడుతల గుంపు ఓడించేది అందులోనే. ముందు అది చదివితే తర్వాతి జోకులు సగం వాటంతటవే తెలుస్తాయి.

ఇక అసలు విషయం. చాలా పేజీల్లో గడుల కింద, అంచున, లేత రంగు అక్షరాలతో ఒక సన్న వరుస ఉంటుంది. అది రచయిత గొంతు. బుర్రకథలో కథకుడు వీరావేశంతో చెబుతుంటే పక్కన హాస్యం చెప్పే వంతగాడు అడ్డుతగులుతాడు చూడండి, ఇది అచ్చం అదే పని. కొత్తవాళ్ళు ఇక్కడ రెండు రకాలుగా తడబడతారు. కొందరు దాన్ని అసలు చూడరు. కొందరు పేజీ తెరవగానే ముందు అదే చదివేస్తారు. అప్పుడు జోకు ముందొచ్చి, అది దేని మీద వేసిందో తర్వాత తెలుస్తుంది, నవ్వు రాదు. పై గడి నుంచి చివరి గడి దాకా వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, అడుగు వరుస చదివి, జోకు ఏ గడి మీదో కళ్ళతో ఒకసారి వెనక్కి వెళ్ళి చూసి, అప్పుడు పేజీ తిప్పండి.

ఫోన్లో గడి తర్వాత గడి పెద్దది చేసి చూపే మోడ్ ఉంటుంది. అందులో గడి బయటున్న ఈ వరుస తప్పిపోవచ్చు. పర్పుల్ లైన్ మెట్రోలో నిలబడి చదివేవాళ్ళు ఆ మోడ్ ఆపేసి పేజీ మొత్తం కనిపించేలా పెట్టుకోండి. అక్షరాలు ఆనకపోతే ఇంటికెళ్ళాక ట్యాబ్‌లో చదవడం మేలు.

రెండో అలవాటు: ఆపద ఎంత, దానికి విరుగుడు ఎంత అని కొలవడం. మన సినిమాల్లో అతి అంతా హీరో దెబ్బలో ఉంటుంది: ఒక్క గుద్దుకి పదిమంది గాల్లోకి లేస్తారు. ఇక్కడ అతి అంతా ఆపదలో ఉంటుంది, విరుగుడు మాత్రం చిన్నది. ఫైటింగ్ కోసం పేజీలు తిప్పేవాళ్ళకు ఈ పుస్తకం చప్పగా అనిపించేది అందుకే. నోటుబుక్కులో గీత గీసి ఎడమవైపు ఆపద, కుడివైపు విరుగుడు రాయండి. మొదటి సంచికలో వేటగాడు క్రేవెన్ మీదికొస్తాడు. సముద్రంలో గిగాంటోలనే భారీ జంతువులున్నాయి, వాటిని వేటాడుకోమని డొరీన్ అతన్ని మాటలతో ఒప్పించి పంపేస్తుంది. నాలుగో సంచికకల్లా గ్రహాలనే మింగే గెలాక్టస్ భూమి మీదికి రాబోతాడు. ఈ సిరీస్ వేసే మార్వెల్ సంస్థ కథల్లో, అతను అడుగుపెట్టిన 1966 నుంచీ, ఇంతకు మించిన ఆకలి లేదు. చంద్రుడి మీద అతనితో స్నేహం చేసి, గింజలు దండిగా ఉన్న ఇంకో గ్రహం చూపిస్తుంది. ఆకలైనవాడికి అన్నం ఎక్కడుందో చెప్పింది, అంతే!

విలన్ ఎవరో తెలియక మధ్యలో ఫోన్ తీసి వెతక్కండి. డొరీన్ దగ్గర విలన్ల కార్డులుంటాయి, కావలసినంత పరిచయం వాటిలోనే ఉంది. వెతకబోతే దశాబ్దాల చరిత్ర మీద పడి అసలు కథ ఆగిపోతుంది.

వచ్చే పాఠానికి రెండో సంపుటి కావాలి, 5 నుంచి 8 సంచికలు అందులోనే ఉన్నాయి. ఈలోగా 1వ సంచిక రెండుసార్లు చదవండి: ఒకసారి అడుగు వరుసను కాగితంతో కప్పి, ఇంకోసారి కాగితం తీసేసి. మీరు నవ్విన చోట్ల పెన్సిల్‌తో సన్నగా చుక్క పెట్టండి. షాపువాడు పుస్తకం వెనక్కి తీసుకునే లెక్కన తెచ్చుకుంటే మాత్రం చుక్కలు నోటుబుక్కులోనే.