పైథాన్ పాఠాలు – 6: ఎల్స్ ఎవరి తాలూకు?

ఈసారి లూపుల్లోకి (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే పద్ధతి) వెళ్దామనుకున్నాను. పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసం అడ్డుపడింది. సంఖ్య ఇస్తే ధనమో, రుణమో, సున్నానో చెప్పాలి, అంతే కదా అనుకున్నాను. 5 ఇస్తే "ధన సంఖ్య" అని, దాని కిందే "సున్నా" అని వస్తోందని చాలామంది రాశారు. తప్పు కొంత నాదే. ఇఫ్ ఒక షరతును అడుగుతుంది, పై షరతు నిజం కాకపోతేనే ఎల్‌ఇఫ్ తన షరతును అడుగుతుంది, ఏదీ నిజం కాకపోతే ఎల్స్ వంతు. ఇఫ్‌కూ ఎల్‌ఇఫ్‌కూ ఉన్న ఈ తేడాను ఒక్క వాక్యంలో దాటేశాను.

మీలో ఎక్కువమంది రాసింది ఇది. (ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా, ఎడిటర్‌లో కీలకపదాలను ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.)

ఇఫ్ ఎన్ > 0:
    ప్రింట్("ధన సంఖ్య")
ఇఫ్ ఎన్ < 0:
    ప్రింట్("రుణ సంఖ్య")
ఎల్స్:
    ప్రింట్("సున్నా")

కంటికి ఒకే చోట చీలిన మూడు దారుల్లా కనిపిస్తుంది. పైథాన్‌కు మాత్రం ఇవి సంబంధం లేని రెండు ప్రశ్నలు. మొదటి ఇఫ్ పని "ధన సంఖ్య"తో ముగిసింది. రెండో ఇఫ్ కొత్తగా అడుగుతుంది: 5 సున్నా కన్నా చిన్నదా? కాదు. అయితే ఎల్స్. ఆ ఎల్స్ రెండో ఇఫ్ తాలూకు. అంతకు ముందు ఏం అచ్చయిందో దానికి పట్టదు. -5 ఇచ్చినా, 0 ఇచ్చినా ఇదే ప్రోగ్రాం సరైన జవాబు చెబుతుంది. ఆ రెండింటితో పరీక్షించి ఊరుకున్నవాళ్లకు తప్పు కనపడనే లేదు. ఏ శాఖకు ఆ శాఖ నుంచి కనీసం ఒక సంఖ్య ఇచ్చి చూడండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు, చేయకపోతేనే వస్తుంది. ఇక మందు ఒక్కటే: రెండో ఇఫ్‌ను ఎల్‌ఇఫ్ చేయండి.

ఎల్‌ఇఫ్ గొలుసు మొదట నిజమైన షరతు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి వరస ముఖ్యం. సంఖ్యకు ఎన్ని అంకెలో చెప్పాలనుకోండి. ఎన్ < 1000 అయితే మూడంకెల సంఖ్య అని ముందే రాస్తే 7 కూడా అందులో పడుతుంది. 10, 100, 1000 వరసలో అడగండి. అప్పటికీ -45 ఒక అంకె సంఖ్య అనిపించుకుంటుంది, అందుకని ముందు ఆబ్స్ (రుణ గుర్తు తీసేసిన విలువ) తీయండి.

సరి, బేసి మీకు తెలిసినవే. నేను మాత్రం "శేషం 1 అయితే బేసి" అని రాయను. శేషం 0 అయితే సరి, లేకపోతే బేసి. -7ను 2తో భాగిస్తే పైథాన్ శేషం 1 అంటుంది, జావా -1 అంటుంది.

అభ్యాసం: ఒక సంఖ్యకు, దాన్ని వదిలేసి, మిగతా కారణాంకాలన్నీ కూడండి. మొత్తం ఆ సంఖ్య కన్నా తక్కువైతే "కొరత", సమానమైతే "పరిపూర్ణం", ఎక్కువైతే "మిగులు" అని అచ్చు వేయాలి. లూపులు రాలేదు కనుక మొత్తాన్ని కాగితం మీద లెక్కవేసి, సంఖ్యతోపాటు ఇన్‌పుట్‌గా ఇవ్వండి. 1, 6, 12, 28 తేలికే. 945 కూడా చేయాలి. దానికి మొత్తం 975 రాకపోతే కారణాంకం ఎక్కడో జారిపోయినట్టే.